నొప్పులు మొదలైనట్టు ఎలా తెలుస్తుంది? ఆయుర్వేదంలో ఉపశమనానికి ఏముంది?

తొలిచూలు
నమస్తే అండి అందరికీ. నాకు 36 వారాలు దాటాయి, మొదటి కాన్పు. సాయంత్రమైతే చాలు, పొట్టంతా గట్టిగా బిగుసుకుని కాసేపటికి మళ్లీ వదులవుతోంది. నొప్పి అని చెప్పలేను గానీ ఊపిరి పట్టేసినట్టు ఉంటోంది. నిన్న రాత్రి చాలాసేపు వరసగా ఇలాగే అవుతుంటే ఇక మొదలయ్యాయేమోనని సంచి సర్దుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి ఏమీ లేవు. అసలు నొప్పులకూ వీటికీ తేడా ఎలా పట్టుకోవాలి?

రెండో సంగతి. ఆయుర్వేదంలో కాన్పు నొప్పి తగ్గించేవి ఉన్నాయని చాలామంది చెబుతున్నారు. నూనెలు, కషాయాలు, బస్తి (మలద్వారం గుండా మందు ఎక్కించడం) ఇలా రకరకాలు. వాటిలో ఏది నిజంగా పనికొస్తుంది, దేని జోలికి వెళ్లకూడదు? తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రి_డ్యూటీ (ప్రసూతి వార్డు నర్సు)
తొలిచూలు గారూ, ముందు ఒక మాట. మీకింకా 37 వారాలు నిండలేదు. 37 లోపు పొట్ట బిగింపులు వరస కట్టి వస్తుంటే, నొప్పి ఉన్నా లేకపోయినా, ఇంట్లో కూర్చుని లెక్కపెట్టే పని పెట్టుకోవద్దు. ఆసుపత్రికి ఫోన్ చేయాలి. నెలలు నిండకుండా వచ్చే కాన్పు చాలాసార్లు మెత్తమెత్తగానే మొదలవుతుంది. నడుములో లాగుడు, పొత్తికడుపులో బరువు, మామూలుకంటే ఎక్కువగా నీళ్లలాంటి తెల్లబట్ట, అంతే. నిన్నటి సంగతి ఈరోజే మీ డాక్టరుకు చెప్పండి.

ఇక తేడా సంగతి. మీరు చెప్పిన తీరు దొంగ నొప్పులకు దగ్గరగా ఉంది. 1872లో జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు వీటి గురించి రాశాడు, అందుకే ఆసుపత్రుల్లో ఆ పేరుతోనే పిలుస్తాం. ఇవి ఎక్కువగా పొట్ట ముందుభాగంలోనే బిగుస్తాయి. ఒకటి పది నిమిషాలకొస్తే ఇంకొకటి ఇరవై ఐదుకు, తర్వాతది ఏడుకు, అలా ఒక లెక్క ఉండదు. రెండు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లొచ్చి, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే చాలావరకు సద్దుమణుగుతాయి. పడుకుని ఉన్నప్పుడు వచ్చినవైతే లేచి నాలుగడుగులు వేస్తే పోతాయి.

అసలు నొప్పి పోదు. మీరు పడుకున్నా, నడిచినా, స్నానం చేసినా దాని దారిన అది వస్తుంది. చాలామందికి వెనక నడుములో పుట్టి రెండు పక్కలా చుట్టుకుంటూ ముందుకు వస్తుంది. ఒకదానికంటే ఒకటి ఎక్కువసేపు, ఎక్కువ బలంగా, ఎక్కువ దగ్గరగా వస్తాయి. ఈ మూడూ కలిసి పెరుగుతున్నాయా లేదా అన్నదే చూడాలి. ఒక్క నొప్పి ఎంత గట్టిగా ఉందో చూసి ఏమీ తేల్చలేం.

ఇద్దరి_తల్లి
చెల్లీ, ఇంకో గుర్తు చెబుతాను. నొప్పి వచ్చినప్పుడు నువ్వు మాట మధ్యలో ఆపకుండా చెప్పేయగలుగుతున్నావంటే ఇంకా టైముంది. మాట ఆగిపోయి, దేన్నో పట్టుకుని కళ్లు మూసుకుంటున్నావంటే అవి అసలువే. నాకు మొదటిసారి ఫోన్లో నొప్పులు లెక్కపెట్టే యాప్ పెట్టుకుని ఒకటే నొక్కుతూ కూర్చున్నాను. రెండోసారి యాప్ తీసే ఓపిక కూడా లేకపోయింది, ఆ ఓపిక లేకపోవడమే నాకు గుర్తయింది.

తోడు_నేనే
మా ఆవిడకు 38వ వారం. లెక్కపెట్టే పని నాది. ఒక నొప్పి ముగిసిన దగ్గర్నుంచి ఇంకోటి మొదలయ్యేదాకా లెక్కపెట్టాలా, మొదలు నుంచి మొదలుకా? ఇద్దరు ఇద్దరు రకాలుగా చెప్పారు. పైగా తనకు నొప్పి వచ్చిందని తను చెప్పకముందే నాకు తెలిసే దారేమైనా ఉందా?

రాత్రి_డ్యూటీ
మొదలు నుంచి మొదలుకండి. 9:00కి ఒకటి మొదలై 9:01కి తగ్గింది, 9:05కి ఇంకోటి మొదలైంది అనుకోండి. అది అయిదు నిమిషాలకొకటి, ఒక నిమిషం నొప్పి. కాగితం మీద రెండే గడులు పెట్టుకోండి, మొదలైన టైము, తగ్గిన టైము. మిగతాది మేం చూసుకుంటాం.

చేత్తో పట్టుకోవచ్చు. అరచేతిని పొట్ట పైభాగంలో, అంటే గర్భాశయం పైఅంచు మీద మెత్తగా ఆనించి ఉంచండి. నొక్కకూడదు, వేళ్లు కదపకూడదు. బిగింపు మొదట మీ వేళ్లకే తెలుస్తుంది, నొప్పి ఆమెకు కొన్ని క్షణాల తర్వాత తెలుస్తుంది. బలం అంచనాకు మాకు నేర్పిన పద్ధతి ఇది: ముక్కు కొసను నొక్కినట్టు మెత్తగా ఉంటే తక్కువ బలం, గడ్డంలా ఉంటే మధ్యరకం, నుదురులా అసలు లోపలికి పోకుండా ఉంటే బలమైన నొప్పి. నొప్పికీ నొప్పికీ మధ్యలో పొట్ట పూర్తిగా మెత్తబడాలి. మెత్తబడకుండా అలాగే బిగుసుకుని ఉండి నొప్పి ఆగకపోతే అది మామూలు నొప్పి కాదు, వెంటనే బయల్దేరాలి. బిడ్డకు రక్తం అందించే మాయ గర్భాశయం నుంచి ముందే విడిపోతున్నప్పుడు అలా అవుతుంది.

తొలి కాన్పుకు ఎప్పుడు వెళ్లాలంటే, అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, ఒక గంటసేపు ఇలాగే వస్తే బయల్దేరండి. ఆసుపత్రి దూరమైతే, ఇంతకుముందు కాన్పు అయి ఉంటే, అంతసేపు ఆగొద్దు.

లెక్కలేవీ చూడకుండా వెళ్లాల్సినవి: ఉమ్మనీరు పోవడం, రక్తం పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, విపరీతమైన తలనొప్పి లేదా కళ్లు మసకలు, జ్వరం. ముందు పెద్దాపరేషన్ అయినవాళ్లు, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నవాళ్లు నొప్పులు మొదలవగానే ఫోన్ చేయాలి.

తొలిచూలు
డాక్టరుకు ఫోన్ చేశాను, ఇప్పుడే చూపించుకుని వచ్చాను. గర్భాశయ ముఖద్వారం మూసుకునే ఉందట, దొంగ నొప్పులే అన్నారు. నీళ్లు సరిగా తాగడం లేదని కాస్త కోప్పడ్డారు కూడా. థాంక్యూ అండి.

జిగురులాంటిది పడితే కాన్పు దగ్గరకొచ్చినట్టేనా? ఆయుర్వేదం గురించి కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

వైద్య_ప్రసూతి (ఆయుర్వేద ప్రసూతి తంత్రం చదివినవారు)
మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉందమ్మా. సుశ్రుతుడు తన గ్రంథంలో శారీరస్థానం అనే భాగం పదో అధ్యాయంలో కాన్పు దగ్గరపడిన లక్షణాలు చెబుతూ పొట్ట వదులవడం, గుండె దగ్గరి పట్టు విడిపోయినట్టు ఉండడం, నడుము, వీపు చుట్టూ నొప్పి, మాటిమాటికీ మలమూత్రాలకు వెళ్లాలనిపించడం, యోని ద్వారం నుంచి జిగురు పడడం అన్నీ వరసగా చెప్పాడు. గుండె దగ్గరి పట్టు విడిపోవడమంటే బిడ్డ తల కటి భాగంలోకి దిగి, పక్కటెముకల కింద ఒత్తిడి తగ్గి ఊపిరి తేలికగా ఆడడమే. ఇంట్లో పెద్దవాళ్లు పొట్ట జారింది అంటారు చూడండి, అదే.

చరకుడు కూడా శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో ఇంచుమించు ఇవే చెప్పి, ఒళ్లంతా అలసట, ముఖం వాడిపోవడం, అన్నం మీద ఇష్టం లేకపోవడం, కింద బరువు కూడా కలిపాడు. ఆ తర్వాతే నొప్పులు పుట్టడం, ఉమ్మనీరు కారడం అని విడిగా చెప్పాడు. అంటే దగ్గరపడిన గుర్తులు వేరు, మొదలైన గుర్తులు వేరు. జిగురు పడ్డాక కొందరికి ఆ రోజే మొదలవుతాయి, కొందరికి చాలా రోజులు పడుతుంది. కొద్దిగా ఎర్రటి చార ఉన్నా కంగారు లేదు. ధారగా, ఎర్రగా పోతే మాత్రం అది జిగురు కాదు, రక్తస్రావం.

ఉపశమనం సంగతికొస్తే, కిందికి తోసే పని అపాన వాతానిదని మా శాస్త్రం. వాతానికి మందు స్నేహం, వేడి, అంటే నూనె, కాపడం. నొప్పులు మొదలయ్యాక నడుము, పక్కలు, వీపు, తొడల మీద గోరువెచ్చని నూనె రాసి హాయిగా అనిపించేలా మర్దన చేయమని చరకుడు రాశాడు. హాయిగా అన్నది గట్టిగా పట్టుకోండి. ఆమె వద్దంటే చేయి తీసేయాలి. నువ్వుల నూనె చాలు. సుశ్రుతంలో చెప్పిన బలా తైలం దొరికితే ఇంకా మంచిది. పొట్ట మీద మాత్రం రుద్దడం, నొక్కడం ఏ కారణం చేతా వద్దు.

పాతకాలం
ఇంత చర్చ ఎందుకు? పూర్వం ఆడవాళ్లు చివరిదాకా రోట్లో దంచేవారు, తేలిగ్గా కనేవారు. నొప్పులు రాకపోతే ఆముదం తాగించేవారు, కషాయం పోసేవారు. ఇప్పటివాళ్లకు భయం ఎక్కువైంది, ప్రతిదానికీ ఆసుపత్రి.

వైద్య_ప్రసూతి
అయ్యా, మీరు చెప్పిన రోకలి సంగతి చరకుడి కాలంలోనే చర్చకు వచ్చింది. నొప్పులు పడుతున్నామెకు రోకలి ఇచ్చి ధాన్యం దంచమని కొందరు చెప్పేవారట. చరక సంహితలో గురువుగా మాట్లాడే ఆత్రేయుడు దాన్ని ఒప్పుకోలేదు. గర్భిణికి భారీ శ్రమ ఎప్పుడూ కూడదు, అందులోనూ ప్రసవ సమయంలో వాత, పిత్త, కఫ దోషాలన్నీ కదిలి ఉంటాయి, రోకలి శ్రమతో రేగిన వాతం సుకుమారి అయిన స్త్రీ ప్రాణం తీయగలదు అని కారణం కూడా చెప్పాడు. దంచడానికి బదులు ఆవులించమన్నాడు, అటూ ఇటూ నడవమన్నాడు.

ఆముదం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాన్నీ గర్భాశయ కండరాన్నీ రెండింటినీ కదిలిస్తుంది. ఫలితం చాలాసార్లు వాంతులు, విరేచనాలు, నీరసం. నొప్పులు పడాల్సిన మనిషి ఒంట్లో నీళ్లు లేకుండా మొదలుపెడుతుంది. ముందు పెద్దాపరేషన్ అయినవాళ్లకు కుట్టు దగ్గర గర్భాశయం చిట్లే ముప్పు ఉన్నప్పుడు, నొప్పులను రేపే పని ఇంట్లో ఎవరూ చేయకూడదు.

కషాయాలూ అంతే. పాత గ్రంథంలో ఉంది కదా అని అన్నీ ఇప్పుడు వాడేయకూడదు. చరకుడు వాసన చూపించమన్న చూర్ణంలో లాంగలి, అంటే అడవినాభి దుంప ఉంది. అందులో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. ఎవరైనా ఆ దుంప పేరు చెప్పి ప్రసవం తేలికవుతుందంటే వినకండి, పూత వేయనివ్వకండి, లోపలికి అసలే వద్దు. భస్మాలు, రసౌషధాలు, అంటే లోహాలు, పాదరసం లాంటివాటితో చేసే మందులు గర్భిణులు సొంతంగా వాడితే, వాటిలో సీసం ఉంటే అది బిడ్డ దాకా వెళ్తుంది. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్ నగరంలో ఆయుర్వేద మాత్రలు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు అక్కడి ఆరోగ్య అధికారులు గుర్తించారు. ఈ శాస్త్రం చదివి, దీని మీద బతుకుతున్నదాన్ని కాబట్టే ఇది దాచకుండా చెబుతున్నాను.

రాత్రి_డ్యూటీ
వైద్య_ప్రసూతి గారూ, నడవమన్న మాట మా పుస్తకాల్లోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో, ఇబ్బందులు లేని తల్లులు నొప్పుల సమయంలో నిటారుగా ఉండమని, కదలమని ప్రోత్సహించాలని చెప్పింది. నొప్పి తగ్గడానికి మర్దన, వేడి కాపడం, ఊపిరి పద్ధతులు కావాలన్నవాళ్లకు ఇవ్వొచ్చంది. వెల్లకిలా పడుకుంటే బరువంతా వెనక ఉన్న పెద్ద రక్తనాళాల మీద పడుతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది, నడుము నొప్పి కూడా పెరుగుతుంది. కాన్పు అయ్యేటప్పుడు పొట్ట పైనుంచి నొక్కడం వద్దని కూడా అందులోనే ఉంది.

మలిచూలు
నాది నడుము నొప్పి కాన్పు. ముందు పొట్టలో ఏమీ తెలియలేదు, నడుము విరిగిపోతుందనిపించింది. ఎవరూ అది కాన్పు నొప్పని నమ్మలేదు! ఈసారి కూడా అలాగే అయితే ఏం చేయాలి? నూనె మర్దన దానికి సరిపోతుందా?

రాత్రి_డ్యూటీ
బిడ్డ వెన్ను మీ వెన్ను వైపు తిరిగి ఉన్నప్పుడు తల వెనకభాగం త్రికాస్థిని, అంటే వెన్ను కింది చివరి ఎముకను ఒత్తుతుంది, చాలాసార్లు అందుకే అంత నొప్పి. రుద్దడం కంటే అక్కడ నిలకడగా ఒత్తిపట్టడం ఎక్కువ పనిచేస్తుంది. మీరు మోకాళ్లూ చేతుల మీద ఉండండి, లేదా మంచం అంచును పట్టుకుని ముందుకు వంగండి. తోడున్నవాళ్లు అరచేతి మడమను పిరుదుల పైన, వెన్ను చివర ఉన్న చదునైన ఎముక మీద పెట్టి, మోచేయి వంచకుండా ఒంటి బరువుతో ఒత్తాలి. నొప్పి మొదలవగానే మొదలుపెట్టి, తగ్గేదాకా అదే చోట పట్టుకోవాలి. ఎక్కడ, ఎంత గట్టిగా అన్నది మీరే చెప్పాలి. అంగుళం పక్కకు జరిగితే ఉపయోగం ఉండదు. రెండో పద్ధతిలో రెండు అరచేతులూ తుంటి ఎముకల రెండు పక్కలా పెట్టి లోపలికీ పైకీ దగ్గరకు నొక్కాలి.

తోడు_నేనే గారూ, ఇది మీకే. ఇప్పుడే ఒకసారి ఆమె చేత స్థలం చూపించుకుని చేసి చూడండి. అప్పుడు నేర్చుకుందాంలే అంటే కుదరదు. మీ చేతులు నొప్పెడతాయి, కాబట్టి ఇంకొకరు కూడా నేర్చుకుంటే మంచిది.

తోడు_నేనే
చేసి చూశాం. నేను మధ్యలో పెడుతున్నాను, తనకు కావాల్సింది ఇంకా కింద. ఇది ముందే తెలియడం మంచిదైంది.

వేడి కాపడం ఎంత వేడి? నూనె రాశాక వేడి సంచి పెట్టొచ్చా?

వైద్య_ప్రసూతి
మీ మణికట్టు లోపలివైపు నిమిషం ఆనించుకోండి, చురుక్కుమంటే ఎక్కువైనట్టే. ఎప్పుడూ మడత గుడ్డలో చుట్టే పెట్టండి. నూనె రాసిన చర్మం త్వరగా కాలుతుంది, అందుకని రాశాక తుడిచి, అప్పుడు కాపడం. నడుముకు, తొడలకు, పొత్తికడుపు కింది భాగానికి చాలు. జ్వరం ఉంటే వద్దు. నడుములో ఇంజెక్షన్ ఇచ్చి మొద్దుబార్చినచోట వేడి తెలియదు కాబట్టి అక్కడ అసలు పెట్టొద్దు.

ఇద్దరి_తల్లి
నొప్పి తెలియకుండా నడుముకు ఇచ్చే ఆ ఇంజెక్షన్ తీసుకుంటే ఆయుర్వేదం ప్రకారం తప్పా? మా ఇంట్లో పెద్ద రభస జరిగింది దీని మీద. నేను తీసుకున్నాను, చెల్లికి కూడా కావాలంటే తీసుకోమనే చెబుతాను.

వైద్య_ప్రసూతి
తప్పేమీ లేదమ్మా. నూనె, కాపడం, నడక నొప్పిని తట్టుకునేలా చేస్తాయి, నొప్పిని పూర్తిగా తీసేయవు. అంతకంటే కావాలని ఆ తల్లి అడిగితే ఇవ్వాలి. ఓర్చుకోలేకపోయింది అన్న మాట ఏ శాస్త్రంలోనూ లేదు. నిజానికి చరకుడు ప్రసవ గదిలో ఉండాల్సిన ఆడవాళ్ల గురించి చెబుతూ చాలాసార్లు కన్నవాళ్లు, స్నేహం, ప్రేమ గలవాళ్లు, విషాదం లేని స్వభావం గలవాళ్లు ఉండి మంచి మాటలతో ఓదార్చాలన్నాడు. గదిలో దెప్పేవాళ్లు ఉంటే బయటికి పంపేయండి, అది కూడా చికిత్సే.

రాత్రి_డ్యూటీ
దీనికి వెనక శరీర ధర్మం కూడా ఉంది. భయపడితే అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది, అది నొప్పుల వరసను మందగించేలా చేయగలదు. ఇంట్లో చక్కగా వస్తున్న నొప్పులు ఆసుపత్రి గుమ్మం దాటగానే ఆగిపోవడం మేం తరచూ చూస్తాం. లైటు తగ్గించి, చుట్టూ మనుషుల్ని తగ్గించి కాసేపు వదిలేస్తే మళ్లీ అందుకుంటాయి. మొదటి దశలో తొలిభాగం ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు ఊపు అని 2018 సూచనల లెక్క. అక్కడి నుంచి తొలి కాన్పుకు మామూలుగా 12 గంటలు మించదు, మలి కాన్పుకు 10. కాబట్టి ముందు దశలో ఇంట్లో నిద్రపోగలిగితే నిద్రపోండి. ఆ ఓపిక తర్వాత కావాలి.

తొలిచూలు
ముక్కడం గురించి చెప్పండి. నొప్పులు మొదలైనప్పటి నుంచీ ముక్కితే త్వరగా అయిపోతుందని మా బంధువులావిడ అంటోంది.

వైద్య_ప్రసూతి
వద్దమ్మా. నొప్పి రాకముందే ముక్కవద్దని ఆ ప్రసవ గదిలోని ఆడవాళ్లే ఆమెకు చెప్పాలని చరకుడు రాశాడు. తుమ్ము రానప్పుడు తుమ్మాలని ఎంత ప్రయత్నించినా రాదు, వచ్చినా కష్టంగా వస్తుంది. వేగం లేనప్పుడు ముక్కడమూ అలాంటిదే, శ్రమ వృథా, బిడ్డకు చేటు అన్నాడు. వేగం వచ్చాక కూడా ముందు మెల్లగా, తర్వాత బలంగా ముక్కమన్నాడు. ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకోకముందే ముక్కాలనిపిస్తే చిన్న చిన్న ఊపిరులు వదులుతూ ఆపుకోవాలి. అప్పుడు నర్సు చెప్పిన మాట వినండి.

నొప్పి వస్తున్నప్పుడు ముక్కుతో మామూలుగా పీల్చి, నోటితో నిదానంగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. దవడ బిగించకండి. ఆవులించమన్న మాట నాకు ఇక్కడే పనికొస్తుందనిపిస్తుంది. దవడ వదులైతే భుజాలు దిగుతాయి, వాటితోపాటు కింది కండరాలూ వదులవుతాయి.

ఇంకొకటి, మీరు బస్తి అడిగారు కదా. తొమ్మిదో నెలలో తైలంతో అనువాసన బస్తి, యోనిలో నూనెలో తడిపిన దూది ఉంచడం చరకుడు చెప్పినవే. వాతం సరిగా కిందికి నడిచి, కటి భాగం మెత్తబడుతుందని. కానీ ఇది ఇంట్లో చేసుకునేది కాదు. మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు కారుతున్నా, రక్తం కనిపించినా, నెలలు నిండకముందే నొప్పులొచ్చే సూచన ఉన్నా చేయకూడదు. మీకు నిన్నగాక మొన్న బిగింపులు వచ్చాయి కాబట్టి మీ ప్రసూతి డాక్టరుకు తెలియకుండా ఎవరి దగ్గరా చేయించుకోకండి.

రాత్రి_డ్యూటీ
దూది బదులు శుభ్రమైన వేళ్లతో, నూనెతో యోని కింది అంచును మెల్లగా సాగదీసే మర్దన ఉంది. 34, 35 వారాల నుంచి చేస్తే తొలి కాన్పువాళ్లకు చిరుగులు, కోతలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. మీ డాక్టరు సరేనంటే మొదలుపెట్టండి. గోళ్లు తీసేసుకోవాలి, ఇన్ఫెక్షన్ ఉంటే చేయకూడదు.

తొలిచూలు
అడుగుతాను. చివరగా ఒకటి: ఉమ్మనీరు పోయిందో, మూత్రం జారిందో ఎలా తెలుస్తుంది? పోయాక నూనె రాసుకుని వేణ్నీళ్ల స్నానం చేసి వెళ్లొచ్చా? నొప్పులు లేకపోతే ఆగొచ్చా?

రాత్రి_డ్యూటీ
మూత్రం బిగబడితే ఆగుతుంది, ఉమ్మనీరు ఆగదు. దగ్గినప్పుడు, లేచినప్పుడు మళ్లీ కారుతుంది, మూత్రం వాసన ఉండదు. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని అరగంట చూడండి. తడుస్తూనే ఉంటే ఉమ్మనీరే. నొప్పులు లేకపోయినా వెళ్లాలి, ఎందుకంటే అడ్డు పోయాక ఇన్ఫెక్షన్ లోపలికి వెళ్లే దారి తెరుచుకుంటుంది. టైము రాసుకోండి, ప్యాడ్ సంచిలో వేసి తెచ్చి చూపించండి. నీరు రంగు లేకుండా తేటగా ఉంటే నిదానంగా బయల్దేరండి. ఆకుపచ్చగా, గోధుమ రంగులో ఉంటే బిడ్డ లోపల మలం వదిలినట్టు, ఆలస్యం చేయొద్దు. యోనిలో తాడులాంటిది తగిలితే మోకాళ్ల మీద వంగి, తల కిందికి, పిరుదులు పైకి పెట్టి అంబులెన్సు పిలవండి. దాన్ని చేత్తో ముట్టుకోకూడదు, లోపలికి తోయకూడదు.

నూనె, స్నానం పెట్టుకోవద్దు. ఉమ్మనీరు పోయాక యోనిలో నూనె గానీ దూది గానీ వేలు గానీ ఏదీ పెట్టకూడదు. నడుముకు నూనె ఆసుపత్రికొచ్చాక రాసుకోవచ్చు, సీసా సంచిలో వేసుకోండి.